ట్రాక్టరు సహాయంతో పొలంలో పైపులు, విద్యుత్ తీగలు పూడ్చే విధానం – పాటించవలసిన మెళకువలు

బోరుబావి నుంచి పొలం చివరి వరకు నీటిని, స్టార్టరు పెట్టె నుంచి మోటారు వరకు విద్యుత్తును చేరవేయడం నేటి సేద్యంలో తప్పనిసరి అయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం ప్రారంభమైన నాటి నుంచి బిందు, తుంపర సేద్య పరికరాలు పల్లెపల్లెకూ చేరాయి. పరికరాల ఎంపికపై, రాయితీపై రైతులు చూపే శ్రద్ధ వాటిని భూమిలో అమర్చే పనిపై చాలా సందర్భాలలో కనిపించదు. పైపు పగిలిందని, జాయింటు ఊడిందని, నాగలికి తగిలి తీగ తెగిందని వచ్చే ఫిర్యాదులను పరిశీలిస్తే లోపం సామగ్రిలో కన్నా పూడ్చిన తీరులోనే ఎక్కువగా బయటపడుతుంది. కూలీల కొరత దృష్ట్యా ఈ పని ఇప్పుడు ట్రాక్టరు యంత్రాలతో జరుగుతున్నది. యంత్రం పనిని వేగవంతం చేస్తుంది, కాని పొరపాటును కూడా అంతే వేగంగా భూమిలో దాచివేస్తుంది. కనుక ఏ నేలలో ఏ యంత్రం వాడాలి, ఎంత లోతులో పూడ్చాలి, మట్టి కప్పే ముందు ఏమి పరీక్షించాలి అనే విషయాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

పూడ్చవలసిన అవసరం

నేలపై పరచిన పి.వి.సి. పైపు ఎండ తాకిడికి కొన్ని సంవత్సరాలలోనే పెళుసుబారుతుంది. అంతర కృషికి, దుక్కికి అడ్డుగా ఉంటుంది. ఎలుకలు, పందులు, పశువుల వలన దెబ్బతింటుంది. విద్యుత్ తీగ విషయంలో నష్టం ఆస్తితో ఆగదు. గట్టు మీద, చెట్ల కొమ్మల మీద, కంచె కర్రల మీద లాగిన తీగ తొడుగు ఒకచోట చిట్లినా, తడి నేలపై నడిచే రైతుకు, కూలీకి, పశువుకు ప్రాణాపాయం కలుగుతుంది. తెల్లవారుజామున నీరు పెట్టడానికి వెళ్ళిన రైతులు మోటారు తీగ తగిలి మరణించిన వార్తలు ప్రతి ఏటా వింటూనే ఉన్నాము. సక్రమంగా పూడ్చిన తీగ ఈ ప్రమాదాన్ని చాలావరకు తొలగిస్తుంది. సక్రమంగా పూడ్చని తీగ మాత్రం కంటికి కనిపించని ప్రమాదంగా మారుతుంది.

చరిత్ర నేర్పిన పాఠం

నాగలితో తీగను, పైపును భూమిలోకి దించే ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో జాన్ ఫౌలర్ అనే ఇంజనీరు మురుగు నీటి పారుదల కోసం ఒక నాగలిని రూపొందించి 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో చూపాడు. నిలువు కత్తి అడుగున ఉన్న ఇనుప మొన భూమిలో సొరంగం చేసుకుంటూ పోగా, దాని వెనుక తాడుకు గుచ్చిన కొయ్య గొట్టాలు ఆ సొరంగంలోకి జారేవి. నేటి పైపు నాగళ్ళ పనితీరు ఇదే సూత్రంపై ఆధారపడి ఉంది.

అంతకు ముందే, 1843లో అమెరికాలో శామ్యూల్ మోర్స్ టెలిగ్రాఫ్ తీగను వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య భూగర్భంలో వేయ సంకల్పించాడు. అందుకు ఎజ్రా కార్నెల్ ఒక నాగలిని తయారుచేశాడు. అది చాలు తీసి, తీగలున్న సీసపు గొట్టాన్ని అందులో దించి, మట్టి కప్పుకుంటూ ఒకే విడతలో సాగిపోయేది. నాగలి చక్కగా పనిచేసింది, కాని గొట్టంలోని తీగల ఇన్సులేషన్ తొడుగు లోపభూయిష్టమైనది. కొన్ని మైళ్ళు పూడ్చిన తరువాత గాని ఆ సంగతి తేలలేదు. చివరకు ఆ పద్ధతిని విడిచి స్తంభాలపై తీగలు లాగి 1844 మే 24న తొలి సందేశాన్ని పంపారు. ఆ కార్నెల్ పేరుతోనే 1865లో వ్యవసాయ విద్యకు ప్రసిద్ధి చెందిన కార్నెల్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పరీక్షించనిదే పూడ్చరాదన్న పాఠం ఆనాటి టెలిగ్రాఫ్ తీగకు ఎంత వర్తించిందో, నేటి మోటారు తీగకూ అంతే వర్తిస్తుంది.

ఎంత లోతులో పూడ్చాలి?

లోతును మూడు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది, ఆ పొలంలో వాడే సేద్యపు పనిముట్లు ఎంత లోతుకు దిగుతాయి అన్నది. రెండవది, పైన తిరిగే బరువు. మూడవది, పూడ్చే వస్తువు దెబ్బతింటే కలిగే అపాయం.

1. ప్రధాన, ఉప ప్రధాన పైపులు: రెక్క నాగలి 20 నుంచి 30 సెం.మీ. వరకు, లోతు దుక్కికి వాడే సబ్ సాయిలర్ 45 సెం.మీ. వరకు దిగుతాయి. కనుక పైపు పైభాగంపై కనీసం 60 సెం.మీ. మట్టి ఉండడం క్షేమం. లోతు దుక్కి చేయని తోటలలో 45 సెం.మీ. సరిపోతుంది.

2. బండ్ల బాట, ట్రాక్టరు దారి దాటే చోట: 90 సెం.మీ. మట్టి ఉండాలి. అంత లోతు సాధ్యం కానప్పుడు పైపును పెద్ద సైజు గొట్టంలోంచి పంపి దారి దాటించాలి.

3. మోటారుకు వెళ్ళే విద్యుత్ కేబులు: భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 1255 నియమావళి ప్రకారం లో టెన్షన్ కేబులుపై కనీసం 75 సెం.మీ. మట్టి ఉండాలి.

4. వాల్వులను నడిపే 24 వోల్టుల నియంత్రణ తీగలు: వీటిని ప్రధాన పైపు వెంటే, పైపు లోతులోనే పరచవచ్చు.

5. భూగర్భ డ్రిప్ లేటరల్స్: పంటను, నేలను బట్టి 15 నుంచి 30 సెం.మీ.

పై వివరాలను బట్టి ఒక విషయం గ్రహించవచ్చు. లేటరల్స్‌కు సరిపోయే యంత్రం ప్రధాన పైపుకు సరిపోదు, పైపుకు సరిపోయే యంత్రం ఒక్కొక్కసారి విద్యుత్ కేబులుకు సరిపోదు. యంత్రం అద్దెకు దొరికింది కదా అని దాని లోతుకే అన్నింటినీ సరిపెట్టడం సరికాదు.

ట్రాక్టరుతో నడిచే యంత్రాలు

1. రెక్క నాగలి, బోదె నాగలి: ప్రతి గ్రామంలోనూ లభించే పనిముట్లు ఇవే. ఒక విడతలో 20 నుంచి 25 సెం.మీ. లోతు, అదే చాలులో రెండవ విడత నడిపితే 30 నుంచి 35 సెం.మీ. లోతు వస్తుంది. ఇవి లేటరల్స్‌కు, ఒక పంట కాలానికి మాత్రమే వేసే పైపులకు సరిపోతాయి. ప్రధాన పైపు కోసం వాడినప్పుడు చాలు తెరిచే పని నాగలితో చేసి, మిగిలిన లోతును పారతో తవ్వించాలి. ఇలా చేసినా కూలీల ఖర్చు దాదాపు సగం తగ్గుతుంది.

2. గొలుసు ట్రెంచరు: ట్రాక్టరు వెనుక అమర్చిన పొడవైన చేతిపై పళ్ళున్న గొలుసు పి.టి.ఓ. శక్తితో తిరుగుతూ మట్టిని పైకి తోడుతుంది. 10 నుంచి 20 సెం.మీ. వెడల్పున, గోడలు నిటారుగా ఉండే కందకం ఏర్పడుతుంది. యంత్రాన్ని బట్టి 90 సెం.మీ. లేక అంతకు మించిన లోతు కూడా సాధ్యమే. గట్టి ఎర్ర నేలల్లో, మొరం నేలల్లో కార్బైడ్ మొనలున్న పళ్ళు వాడాలి. ఈ యంత్రం విషయంలో రైతులు ముఖ్యంగా గమనించవలసినది ట్రాక్టరు వేగం. సాధారణ ట్రాక్టరు అతి తక్కువ గేరులో కూడా గంటకు సుమారు 2 కి.మీ. వేగంతో, అనగా నిమిషానికి 33 మీటర్లు కదులుతుంది. ట్రెంచరు మాత్రం గంటకు 100 నుంచి 500 మీటర్ల వేగంతోనే తవ్వగలదు. క్లచ్చి నొక్కి వదులుతూ నెట్టుకురావడం వలన క్లచ్చి ప్లేటు కాలిపోతుంది, గొలుసు తెగుతుంది. కనుక క్రీపర్ గేరు గల ట్రాక్టరునే ఈ పనికి ఎంపిక చేసుకోవాలి.

3. పైపు నాగలి: ఇది సబ్ సాయిలరును పోలి ఉంటుంది. నిలువు కత్తి వెనుక ఒక వంపు గొట్టం అమర్చబడి ఉంటుంది. ట్రాక్టరుపై చుట్టగా ఉంచిన పైపు గాని, తీగ గాని ఆ గొట్టం ద్వారా నేరుగా గాడి అడుగుకు జారుతుంది. మట్టిని పైకి తోడవలసిన పని లేదు, తిరిగి పూడ్చవలసిన పని కూడా లేదు. చుట్టగా లభించే హెచ్.డి.పి.ఇ. పైపు, లేటరల్స్, నియంత్రణ తీగలు దీనికి అనువైనవి. 6 మీటర్ల ముక్కలుగా వచ్చే పి.వి.సి. పైపు వంగదు కాబట్టి దీనికి పనికిరాదు. కొన్ని నాగళ్ళలో పైపు కొనను మొనకు కట్టి భూమిలో లాగుతారు. ఇందులో పైపు పొడవంతా మట్టి రాపిడిని తట్టుకోవాలి కనుక సాగిపోయే ప్రమాదం ఉంది. తక్కువ దూరాలకే ఈ పద్ధతిని పరిమితం చేయాలి.

4. బ్యాక్‌హో యంత్రం: పల్లెల్లో దీనిని జె.సి.బి. అని వ్యవహరిస్తున్నారు. రాతి నేలలకు, వాల్వు గుంతలకు, మలుపులకు ఇది తగినది. అయితే బకెట్టు వెడల్పు ఎక్కువ కావడం వలన అవసరానికి మించి మట్టి కదులుతుంది, అడుగు మట్టి పైకి వచ్చి పంట నేల పాడవుతుంది. వీలైనంత సన్నని బకెట్టును వాడమని కోరాలి.

ఈ తేడాను ఒక ఉదాహరణతో చూద్దాం. 300 మీటర్ల పొడవున 60 సెం.మీ. లోతు కందకం కావాలనుకుందాం. మనిషి దిగి తవ్వాలంటే 45 సెం.మీ. వెడల్పు కావాలి, అప్పుడు 81 ఘనపు మీటర్ల మట్టి తీయాలి. 60 సెం.మీ. బకెట్టుతో 108 ఘనపు మీటర్లు అవుతుంది. 15 సెం.మీ. వెడల్పు గల ట్రెంచరుతో 27 ఘనపు మీటర్లే. మామూలు నేలలో ఒక మనిషి రోజుకు 2 నుంచి 3 ఘనపు మీటర్లు తవ్వగలడనుకుంటే మొదటి పద్ధతికి 27 నుంచి 40 పనిదినాలు పడుతుంది. గంటకు 100 మీటర్లు తవ్వే ట్రెంచరు అదే పనిని 3 గంటల్లో ముగిస్తుంది. తీసిన మట్టిని తిరిగి పూడ్చక తప్పదు కనుక ఈ ఆదా రెండుసార్లు లభిస్తుంది.

నేల స్వభావం – పదును

నల్లరేగడి నేలలు తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుని లోతైన నెర్రెలు ఇస్తాయి. ఈ కదలిక పైపు జాయింట్లను లాగుతుంది. కనుక ఈ నేలల్లో పైపు కింద 10 సెం.మీ., పైన 10 నుంచి 15 సెం.మీ. మందంగా ఇసుకను గాని, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టిని గాని వేయాలి. తీగను బిగువుగా లాగకుండా పాము నడక వలె కొద్దిపాటి వంపులతో పరచాలి. ఎండి గడ్డకట్టిన రేగడి పెళ్ళలను పైపుపై వేస్తే మధ్యలో ఖాళీలు మిగిలి, తొలి వానకు మట్టి కుంగి, పైపుపై ఒత్తిడి పడుతుంది.

తెలంగాణ చల్క నేలల్లో, రాయలసీమ ఎర్ర నేలల్లో 30 సెం.మీ. కింద మొరం, రాళ్ళు తగలడం సర్వసాధారణం. ఇటువంటి చోట పైపు నాగలి రాయి తగిలి పైకి లేస్తుంది. పైకి చూస్తే గాడి సక్రమంగానే కనిపిస్తుంది, కాని లోపల పైపు 60 సెం.మీ. బదులు 25 సెం.మీ. లోతులోనే ఉండిపోతుంది. దీనిని నివారించడానికి పైపు లేకుండా ఖాళీ కత్తితో ఆ దారి వెంట ఒక విడత ముందుగా నడపాలి. రాళ్ళు ఎక్కడ ఉన్నాయో తెలుస్తుంది, మట్టి వదులై రెండవ విడతలో ట్రాక్టరుపై భారం కూడా తగ్గుతుంది. ప్రతి 20 మీటర్లకు ఒకసారి ఇనుప చువ్వ గుచ్చి లోతు సరిచూసుకోవాలి.

డెల్టా ఒండ్రు నేలల్లో, ఇసుక నేలల్లో కందకం గోడలు త్వరగా కూలతాయి. తవ్విన వెంటనే పైపు దించేలా పనిని ఏర్పాటు చేసుకోవాలి. వరి కోసిన వెంటనే దమ్ము నేల మెత్తగా ఉన్నప్పుడు ట్రాక్టరు దించరాదు.

పదును విషయానికి వస్తే, పైన 10 సెం.మీ. ఆరి, అడుగున తేమ ఉన్న స్థితి పైపు నాగలికి అనువైనది. పైన ఆరినందువలన చక్రాలకు పట్టు దొరుకుతుంది, అడుగున తేమ వలన కత్తి సులువుగా సాగుతుంది. మరీ బెట్టగా ఉంటే నేల పెళ్ళలుగా లేస్తుంది, మరీ తడిగా ఉంటే చక్రాలు జారి నేల గట్టిపడుతుంది.

ట్రాక్టరు బలం

ఒంటి కత్తి సబ్ సాయిలరును లాగడానికి ఇసుక గరప నేలల్లో ప్రతి సెంటీమీటరు లోతుకు 120 నుంచి 190 న్యూటన్లు, బంకమట్టి గరప నేలల్లో 175 నుంచి 280 న్యూటన్ల బలం అవసరమని సేద్యపు ఇంజనీరింగ్ గ్రంథాలు సూచిస్తున్నాయి. అంటే 45 సెం.మీ. లోతుకు గరప నేలలో 550 నుంచి 870 కిలోలు, బంక నేలలో 800 నుంచి 1,285 కిలోల లాగుడు శక్తి కావాలి. 45 నుంచి 50 హెచ్.పి. ట్రాక్టరుకు ఇది దాదాపు గరిష్ఠ భారం. అందువలన బంక నేలల్లో 60 సెం.మీ. లోతును ఒకే విడతలో ఆశించరాదు. మొదట 30 నుంచి 35 సెం.మీ. లోతున ఖాళీ కత్తిని నడిపి, తరువాత పూర్తి లోతుకు దించాలి. ముందు చక్రాలు పైకి లేవకుండా ముందు భాగాన బరువులు తగిలించాలి. వెనుక చక్రాలు జారుతున్నట్లయితే ఇంజను వేగం పెంచడం పరిష్కారం కాదు. లోతు తగ్గించి విడతలు పెంచాలి.

పైపు వేసే క్రమం

1. దారి గుర్తింపు: బోరు నుంచి ప్రతి వాల్వు వరకు సున్నంతో గీత గీయాలి. వీలైనంత వరకు గట్టు వెంట, తిన్నని గీతలో వెళ్ళాలి. పొలం మధ్య నుంచి వంకరగా వేసిన పైపు రాబోయే 20 ఏళ్ళూ దుక్కికి అడ్డంకిగా ఉంటుంది.

2. తవ్వకం: పై మట్టిని ఒక పక్కకు, అడుగు మట్టిని మరొక పక్కకు వేయాలి. పూడ్చేటప్పుడు పై మట్టి మళ్ళీ పైకే రావాలి. పైపు నాగలితో పని చేసేటప్పుడు మొదట, చివర ఒక్కొక్క మీటరు పొడవు గుంత తీసి, కత్తిని ఆ గుంతలో దించి ప్రారంభించాలి. కత్తి భూమిలో ఉండగా ట్రాక్టరును వెనుకకు నడపరాదు, మలుపు తిప్పరాదు.

3. అడుగు చదును: కందకం అడుగున రాళ్ళు, వేళ్ళు లేకుండా చూడాలి. పైపు పొడవంతా నేలకు ఆని ఉండాలి. ఇటుక ముక్కలపై నిలిపిన పైపు ఆ ఇటుకల దగ్గరే విరుగుతుంది. మందంగా ఉండే జాయింటు కింద చిన్న గుంత చేస్తే మిగిలిన పైపు నేలకు చక్కగా ఆనుతుంది.

4. అతుకు: పి.వి.సి. పైపు కొనలను తుడిచి, పలుచగా గరుకు చేసి, సాల్వెంట్ సిమెంటు రెండు వైపులా రాసి, చివరి వరకు నెట్టి కొద్దిసేపు కదలకుండా పట్టుకోవాలి. 24 గంటలు గడిచిన తరువాతనే నీటి ఒత్తిడి ఇవ్వాలి.

5. ఉష్ణోగ్రత: ఇది చాలా మంది పట్టించుకోని అంశం. పాలిథీన్ పైపు ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి పెరిగితే మీటరుకు 0.15 నుంచి 0.2 మి.మీ. సాగుతుంది. మధ్యాహ్నపు ఎండలో వేసిన 100 మీటర్ల పైపు భూమిలో 20 డిగ్రీలు చల్లబడితే 30 నుంచి 40 సెం.మీ. కుంచించుకుపోతుంది. అప్పటికే రెండు కొనలు బిగించి ఉంటే జాయింటు ఊడక తప్పదు. కనుక ఉదయం వేళ పరచి, కొంత పొడవు అదనంగా వదిలి, భూమిలో ఒక రాత్రి గడిచిన తరువాత కొనలను బిగించాలి.

6. పరీక్ష: జాయింట్లను మాత్రం తెరిచి ఉంచి, మిగిలిన పైపుపై 15 నుంచి 20 సెం.మీ. మెత్తని మట్టి వేయాలి. నీటిని నెమ్మదిగా నింపి గాలిని పూర్తిగా బయటకు పంపాలి. పైపుకు నిర్దేశించిన పరిమితిని మించకుండా, నడిపే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఇచ్చి గంటసేపు ఉంచి జాయింట్లను పరిశీలించాలి.

7. పూడ్చడం: పైపు నీటితో నిండి ఉండగా, చల్లని వేళ పూడ్చడం మంచిది. పైపు ఇరుపక్కలా మట్టిని చేతితో వేసి కాలితో అదమాలి. పైన 15 సెం.మీ. వరకు రాళ్ళు లేని మట్టినే వాడాలి. ఆ తరువాతనే ట్రాక్టరు వెనుక పలకతో మిగిలిన మట్టిని నెట్టాలి. నేల మట్టానికి 5 నుంచి 10 సెం.మీ. ఎత్తుగా వదిలితే వానలకు కుంగి సమమవుతుంది.

8. వాలు నేలలు: వాలు వెంట తవ్విన కందకం వాన నీటికి కాలువగా మారి కోతకు గురవుతుంది. ప్రతి 20 నుంచి 30 మీటర్లకు బంకమట్టితో గట్టిగా దిమ్మిస చేసిన అడ్డుకట్ట వేయాలి.

విద్యుత్ కేబులు విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు

గోడలకు వాడే మామూలు తీగను గాని, బోరులో వాడే బల్లపరుపు సబ్‌మెర్సిబుల్ కేబులును గాని నేరుగా మట్టిలో పూడ్చరాదు. ఇనుప కవచం గల ఆర్మర్డ్ కేబులు వాడాలి, లేదా తగిన కేబులును హెచ్.డి.పి.ఇ. గొట్టంలో పెట్టి పూడ్చాలి. ఆర్మర్డ్ కేబులు కవచాన్ని రెండు చివరలా ఎర్తింగుకు కలపాలి. స్టార్టరు పెట్టెకు కూడా ఎర్తింగు తప్పనిసరి.

దూరాన్ని బట్టి తీగ మందం నిర్ణయించాలి. 5 హెచ్.పి. మూడు ఫేజుల మోటారు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 200 మీటర్ల దూరానికి 2.5 చ.మి.మీ. రాగి తీగ వేస్తే సుమారు 22 వోల్టులు, 4 చ.మి.మీ. తీగ వేస్తే సుమారు 14 వోల్టులు దారిలోనే నష్టపోతాము. 415 వోల్టులలో ఇవి వరుసగా 5 శాతం, 3 శాతం. అసలే లో వోల్టేజి ఉండే పల్లెల్లో ఈ తేడా మోటారు వైండింగు కాలడానికి, కాలకపోవడానికి మధ్య తేడా కావచ్చు. ఒకసారి పూడ్చిన తీగను మార్చడం కష్టం కనుక ఆదిలోనే మందపు తీగను ఎంచుకోవడం లాభదాయకం.

భూమిలో అతుకు లేకుండా ఒకే పొడవు కేబులు వేయాలి. అతుకు అనివార్యమైతే దానిని భూమిపైన మూత ఉన్న పెట్టెలో చేయాలి. టేపు చుట్టి పూడ్చిన అతుకు తొలి తడికే లీకేజికి దారితీస్తుంది. కేబులును దాని వ్యాసానికి 12 రెట్ల కన్నా తక్కువ వంపులో వంచరాదు. నీటి పైపుకు, విద్యుత్ కేబులుకు మధ్య కనీసం 30 సెం.మీ. ఎడం పాటించాలి. పైపు మరమ్మతుకు పార వేసినప్పుడు కేబులుకు తగలకుండా ఈ ఎడం కాపాడుతుంది.

కేబులు కింద, పైన ఇసుక పరచి, దానిపై వరుసగా ఇటుకలు గాని, పలకలు గాని పేర్చాలి. ఆ పైన 20 నుంచి 30 సెం.మీ. మట్టి వేసి హెచ్చరిక టేపు పరచాలి. భవిష్యత్తులో ఎవరు తవ్వినా మొదట టేపు కనిపిస్తుంది.

పూడ్చడానికి ముందు ఒకసారి, పూడ్చిన తరువాత స్టార్టరుకు కలిపే ముందు మరొకసారి 500 వోల్టుల మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్ష చేయించాలి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపితే విద్యుత్ సరఫరా ఇవ్వరాదు. మొదటి పరీక్షలో బాగుండి రెండవ పరీక్షలో తగ్గితే పూడ్చేటప్పుడే తొడుగు గీరుకుపోయిందని అర్థం. ఈ పరీక్షకు పట్టే సమయం పది నిమిషాలు మాత్రమే. ఈ పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుతోనే చేయించాలి.

భూగర్భ డ్రిప్ లేటరల్స్

చెరకు వంటి పంటల్లో లేటరల్స్‌ను భూమిలో వేస్తే కార్శి పంటలకు కూడా కదపవలసిన అవసరం ఉండదు. ట్రాక్టరుకు అమర్చిన కత్తుల ద్వారా రెండు, మూడు వరుసలు ఒకేసారి వేయవచ్చు. డ్రిప్పర్లు పైవైపు ఉండేలా చూడాలి. చుట్ట స్వేచ్ఛగా తిరగాలి. బిగిస్తే లేటరల్ సాగి డ్రిప్పర్ల మధ్య దూరం మారుతుంది. మోటారు ఆగినప్పుడు పైపులో ఏర్పడే శూన్యం వలన డ్రిప్పర్లు బురద నీటిని లోపలికి పీల్చుకుంటాయి. అందువలన ఎత్తైన చోట గాలి వాల్వులు, చివర ఫ్లష్ వాల్వులు తప్పక అమర్చాలి.

సౌర కంచె తీగలు

అడవి పందుల బెడద ఉన్న ప్రాంతాలలో సౌర కంచె తీగను గేటు కింద నుంచి దాటించవలసి వస్తుంది. కంచె యంత్రం క్షణకాలపు స్పందనలుగా వేల వోల్టులు ఇస్తుంది. 1,100 వోల్టులకు తయారైన ఇంటి తీగ తొడుగు దీనికి ఆగదు. కంచెలకై తయారైన రెండు పొరల తొడుగు తీగను గొట్టంలో పెట్టి 30 సెం.మీ. లోతున పూడ్చాలి. కంచెకు నేరుగా ఇంటి కరెంటు గాని, మోటారు కరెంటు గాని ఇవ్వడం చట్టరీత్యా నేరం. అది మనుషుల ప్రాణాలు తీస్తుంది.

పని సమయంలో భద్రత

* తవ్వే ముందు ఆ నేలలో పాత కేబుళ్ళు, పైపులు ఉన్నాయేమో పెద్దలను, పూర్వపు కౌలుదారులను అడిగి తెలుసుకోవాలి. భూగర్భ సౌకర్యాల వివరాల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించింది.

* కృష్ణా, గోదావరి డెల్టాలలో గ్యాస్ పైపులైన్లు పొలాల గుండా పోతున్నాయి. హెచ్చరిక రాళ్ళు ఉన్న చోట సంబంధిత సంస్థకు తెలియజేయకుండా ఏ యంత్రాన్నీ దించరాదు.

* పి.టి.ఓ. షాఫ్టుపై రక్షణ తొడుగు లేని ట్రెంచరును అంగీకరించరాదు. పంచె, తువ్వాలు, చున్నీ వంటి వదులు దుస్తులతో దాని దరికి పోరాదు.

* గొలుసు తిరుగుతుండగా రాయి గాని, వేరు గాని తీయరాదు. ఇంజను ఆపి, తాళం చెవి తీసిన తరువాతనే చేయి పెట్టాలి.

* పైపు చుట్టను అందించే మనిషి ట్రాక్టరుపై నిలబడి ప్రయాణించరాదు, పక్కన నడవాలి. డ్రైవరుకు అతడు కనిపిస్తూ ఉండాలి.

* తెరిచిన కందకాన్ని రాత్రికి వదిలివేయరాదు. తప్పనిసరైతే కర్రలు పాతి తాడు కట్టాలి.

పటం భద్రపరచాలి

మట్టి కప్పే ముందు ప్రతి మలుపు, వాల్వు, అతుకు ఎక్కడ ఉన్నదీ సర్వే రాయి నుంచి గాని, బోరు నుంచి గాని టేపుతో కొలిచి కాగితంపై గీసుకోవాలి. లోతు కూడా రాయాలి. సెల్‌ఫోనుతో ఫోటోలు తీయాలి. మలుపుల వద్ద చిన్న సిమెంటు రాళ్ళు పాతాలి. ఈ పటం ఒక ప్రతి ఇంట్లో పట్టాదారు పాసు పుస్తకంతో పాటు, మరొక ప్రతి స్టార్టరు పెట్టె వద్ద ఉండాలి. పొలం కౌలుకిచ్చినా, పంచుకున్నా, లోతు దుక్కికి కొత్త డ్రైవరు వచ్చినా మొదట ఈ పటం చూపాలి. పూడ్చిన మనిషికి మాత్రమే తెలిసిన తీగ ఆ మనిషి లేని రోజున అందరికీ ప్రమాదమే.

ముగింపు

ట్రెంచరు, పైపు నాగలి వంటి యంత్రాలు ఏడాదికి కొద్ది రోజులే అవసరమవుతాయి. కనుక ఒక్కొక్క రైతు కొనడం కన్నా కస్టమ్ హైరింగ్ కేంద్రాల ద్వారా గాని, ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకే విడతలో అద్దెకు తెచ్చుకుని గాని వాడుకోవడం ఖర్చు తగ్గిస్తుంది. వేసవి దుక్కికి ముందు, పొలం ఖాళీగా ఉన్నప్పుడు పని పెట్టుకుంటే పూడ్చిన మట్టి తొలకరి వానలకు సర్దుకుంటుంది. నేలకు తగిన యంత్రం, పనిముట్లకు అందని లోతు, పూడ్చడానికి ముందు పరీక్ష, పూడ్చిన తరువాత పటం – ఈ నాలుగింటిని పాటించిన రైతు పైపు దీర్ఘకాలం నిలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ పొలంలో తడి నేలపై నడిచే ప్రతి ఒక్కరూ నిర్భయంగా ఇంటికి చేరుకోగలుగుతారు.